ఉభాల నాటి ఫొటో, గట్ల వెంబడి రంపం

జూలై 21

కెమెరా ఇంటికొచ్చింది. విశాఖలో కెమెరాలు బాగుచేసే ఒకాయన దగ్గర మూడు వారాలుంది. పాత డీఎస్‌ఎల్‌ఆర్ అది, పదేళ్ళుగా వాడుతున్నది. లోపల సెన్సర్ ముందు ఒక చిన్న అద్దం ముక్క ఉంటుంది. మన కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగుని లోపలికి రానివ్వకుండా ఆపడమే దాని పని. దాన్ని తీయించి, 720 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం పైనున్న వెలుగునే వదిలే అద్దం పెట్టించాను. మన కన్ను సుమారు 700 దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి ఇక నుంచి ఈ కెమెరా చూసేది దాదాపు మొత్తం నాకు కనపడని వెలుగే.

ఈ పని ఇంట్లో చేసుకుందామని మొదట అనుకున్నాను. కెమెరాలో ఫ్లాష్ కోసం ఉండే కెపాసిటర్ బ్యాటరీ తీసేశాక కూడా కరెంటు పట్టుకుని ఉంటుందని, తగిలితే గట్టి షాక్ కొడుతుందని తెలిశాక మానుకున్నాను. ఎవరైనా ఇది మొదలుపెట్టాలనుకుంటే తెలిసినవాళ్ళ చేతికే ఇవ్వండి.

పోయిన ఏడాది మామూలు కెమెరాకే ముందు నల్లటి 720 ఫిల్టర్ తగిలించి తీశాను. లోపలి అద్దం వెలుగుని ఆపేస్తుంది కాబట్టి మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా 20 సెకన్లు తెరిచి ఉంచాల్సి వచ్చేది. సముద్రం గాలికి తాటాకులన్నీ పొగలా చెదిరిపోయాయి. ఫొటోగా బాగానే ఉంది గానీ, పజిల్ ముక్కలుగా కోస్తే ఏ ముక్క పట్టుకున్నా పొగే. అందుకే ఈ మార్పు. ఈ రోజు డాబా మీద నుంచి ఎదురింటి వేపచెట్టు తీశాను. సెకనులో 125వ వంతు చాలింది. ఒక్కో రెబ్బా విడివిడిగా వచ్చింది.

ఇదంతా నాన్న కోసం. మోకాలి ఆపరేషన్ తర్వాత విజయనగరంలో మా దగ్గరే ఉంటున్నాడు. ఇల్లు రెండో అంతస్తు. మధ్యాహ్నాలు గడవవు. వేసవి సెలవుల్లో పిల్లలు 500 ముక్కల పజిల్ ఒకటి తెచ్చుకున్నారు, మంచుకొండల మధ్య ఏదో కోట బొమ్మ. నాన్న కూడా కూర్చుని అంచు ముక్కలన్నీ ఓపిగ్గా పేర్చాడు. లోపలికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. "ఈ ఊరు మనకి తెల్దు కదరా" అన్నాడు. ఆ మాట నాలో ఉండిపోయింది. తెలిసిన ఊరినే పజిల్‌గా చేసిద్దామనుకున్నాను.

ఆగస్టు 9

శాలిహుండం కొండ. శ్రీకాకుళం నుంచి గార మీదుగా వెళ్ళాను. పైన బౌద్ధ స్తూపాల పునాదులు, ఇటుక గోడలు, కింద వంశధార. ఈ కొండకీ కళింగపట్నానికీ మధ్య ఉన్న ఊళ్ళలో ఒకటి మాది. శాలి అంటే వరి అని నాన్న చిన్నప్పటి నుంచీ చెప్తూనే ఉన్నాడు. కొండెక్కి చూస్తే ఆ మాట వేరే రుజువు చెయ్యక్కర్లేదు.

పొద్దున్నే వెళ్ళి తప్పు చేశాను. మా ఊరు కొండకి తూర్పున. పొద్దున్న తీస్తే ఎండ నేరుగా లెన్స్‌లో పడుతుంది. మధ్యాహ్నం రెండు దాటేదాకా చింతచెట్టు కింద కూర్చున్నాను. ఎండ వెనక్కి తిరిగాక లేచాను.

ఇన్‌ఫ్రారెడ్ వాళ్ళందరూ దిద్దుకోవాల్సినవి రెండున్నాయి. ఒకటి వైట్ బ్యాలెన్స్: అలాగే తీస్తే తెరంతా కుంకుమ పూసినట్టు ఎర్రగా వస్తుంది. ఎండలో ఉన్న పచ్చగడ్డి చూపించి, ఇదే తెలుపు అనుకోమని కెమెరాకి చెప్పాలి. రెండోది లెన్స్. నా మామూలు జూమ్ లెన్స్‌తో ఎపర్చరు (లెన్స్ నోరు ఎంత తెరవాలో చెప్పే అంకె) 11 దాటితే ఫొటో నడిమధ్యలో తెల్లటి గుండ్రటి మచ్చ పడుతోంది. హాట్‌స్పాట్ అంటారు. లెన్స్ లోపలి పూతలు మామూలు వెలుగు కోసం చేసినవి కావడంతో ఈ వెలుగు లోపలే అటూ ఇటూ తగిలి నడిమికి చేరుతుంది. 8 మీద ఉంచి తీశాను, మచ్చ పోయింది.

ఊళ్ళో ఉభాలు, అంటే వరినాట్లు, సగంలో ఉన్నాయి. కొన్ని మళ్ళలో ఆడవాళ్ళు వంగుని నాటుతున్నారు, కొన్నింటిలో నిన్నో మొన్నో అయిపోయాయి, కొన్ని పక్షం కిందటివి. మామూలు కంటికి అన్నీ రకరకాల పచ్చలు, బురద రంగులు. కెమెరా తెర మీద చూసి కాసేపు అలాగే నిలబడిపోయాను. ఈ రోజు నాటిన మడి కాటుకలా నల్లగా ఉంది. వారం కిందటిది బూడిద రంగు. ముందు నాటినవి పాలిపోయిన తెలుపు. ఇంకా పీకని నారుమడి ఒకటి సున్నం కొట్టిన అరుగులా మెరిసిపోతోంది.

కారణం తేలికైనదే. నీరు ఈ వెలుగుని మింగేస్తుంది. ఆకు వెనక్కి కొడుతుంది. ఆకులోని పచ్చదనం ఎరుపుని, నీలాన్ని తిండి కోసం ఉంచుకుంటుంది గానీ దీన్ని పట్టించుకోదు, పోనిచ్చేస్తుంది. ఆకు లోపల కణాల మధ్యనున్న గాలి ఖాళీల దగ్గర అది చెదిరి తిరిగి బయటికొస్తుంది. మడిలో నీళ్ళు ఎంత కనపడితే అంత నలుపు, ఆకు ఎంత కమ్మితే అంత తెలుపు. అంటే మడి రంగు చూసి ఉభాలు ఎప్పుడయ్యాయో చెప్పొచ్చు.

మరో సంగతి. ఉప్పుగాలి మసక వల్ల కొండ మీంచి సముద్రం సరిగ్గా కనపడలేదు నాకు. ఫొటోలో కనపడింది. పొలాల చివర, తాటితోపుల పైన, దారం లాగినట్టు నల్లటి గీత.

ఆగస్టు 12

రెండు రోజులు కంప్యూటర్ ముందు. ఎరుపు, నీలం ఒకదాని చోట ఒకటి మార్చేస్తే ఆకాశం ముదురు నీలంగా, ఆకులు లేత గోధుమ రంగుగా వస్తాయి. పూర్తి నలుపు తెలుపుల్లో ఉంచుదామా అని చాలాసేపు ఆలోచించాను. చూడ్డానికి అదే గొప్పగా ఉంది. పజిల్‌కి మాత్రం ఆ చిన్న తేడా కావాలి. లేకపోతే ఆకాశం ముక్క ఏదో, నీళ్ళ మడి ముక్క ఏదో తెలియక మనిషి విసిగిపోతాడు. రంగు ఉందా లేదా అన్నంత పలచగా ఉంచాను.

రాత్రి నాన్నకి చూపించాను. "ఏట్రా ఇది, మనూళ్ళో మంచు పడిందేటి?" అన్నాడు. చెప్పాను. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశాడు. అయిదు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత వేలితో తెర మీద కుడి నుంచి ఎడమకి ఒక దారి గీశాడు. "చెరువు మదుము ఇటేపు కదా. నీళ్ళు ముందు ఎగువ మళ్ళకి ఎక్కుతాయి, ఆడినించి కిందకి దిగుతాయి. అంచేత ఇయ్యి ముందు తెల్లబడ్డాయి." నేను రెండు రోజులు చూసీ గమనించని వరస అది. తెలుపు, బూడిద, నలుపు, మదుము (చెరువు తూము) నుంచి దిగువకి మెట్లు మెట్లుగా దిగుతున్నాయి. నీళ్ళు పారిన దారి మొత్తం ఫొటోలో అచ్చుపడి ఉంది.

ఒక్క మడి ఆ వరసకి లొంగలేదు. దిగువన ఉండి తెల్లగా ఉంది. నారుమడేమో అన్నాను. నాన్న తల అడ్డంగా ఊపాడు. "నారుమడి ఆడెందుకేస్తారు, మునిగిపోద్ది." పెద్దది చేసి చూస్తే ఆ తెలుపులో అంచులు మెత్తగా ఉన్నాయి. మబ్బు! కొత్తగా నాటిన మడి నీళ్ళలో మబ్బు పడి మెరుస్తోంది.

ఉపగ్రహాలూ ఈ తేడానే వాడుకుంటాయి. 1988లో మనవాళ్ళు పంపిన ఐఆర్‌ఎస్-1ఏ ఉపగ్రహం కెమెరాల్లో కూడా ఈ ఇన్‌ఫ్రారెడ్ పట్టీ ఉండేది. ఎక్కడ పైరుందో, ఎంత కమ్ముకుందో పైనుంచి లెక్కగట్టేది దాంతోనే. ఇది నాన్నకి చెప్తే, "మదుమేటేపుందో దానికి తెల్దు కదా" అన్నాడు.

ఆగస్టు 19

ప్రింటు పాడైంది. 40 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, మ్యాట్ కాగితం, రంగులు మార్చొద్దని మూడుసార్లు చెప్పి మరీ ఇచ్చాను. ల్యాబులో మిషన్ దానంతటది "సరిచేసింది". గోధుమ రంగు ఆకులన్నీ పాచి పట్టిన పచ్చగా, నల్ల మళ్ళన్నీ ఎండిన బురదలా వచ్చాయి. వాళ్ళకి పచ్చటి పొలం తెల్లగా ఉండటం తప్పుగానే కనపడుతుంది, అది అర్థమైంది. కానీ డబ్బు, నాలుగు రోజులు పోయాయి. రెండోసారి వేరేచోట, పక్కనే నిలబడి వేయించాను. ఇలాంటి ఫొటో ఎవరికిచ్చినా ఆటో కరెక్షన్ ఆపేశారా అని మీ కళ్ళతో చూసుకోండి.

ఆగస్టు 25

చెక్క. ముందు ఊళ్ళో దొరికిన 4 మిల్లీమీటర్ల మూడు పొరల ప్లైవుడ్ మీద పనికిరాని ప్రింటు అంటించి నమూనా కోశాను. ముక్కకి బయటికొచ్చే గుండీ మెడ దగ్గర సన్నగా ఉంటుంది. పొర అడ్డంగా ఉన్నచోట మెడ పుటుక్కున విరిగింది. పది గుండీల్లో నాలుగు పోయాయి. లోపల పొరల్లో ఖాళీలు కూడా ఉన్నాయి, రంపం ఒక్కసారిగా జారిపోతుంది. అదే మందంలో అయిదు పొరల బిర్చ్ ప్లై తెప్పించాను. ఖరీదెక్కువే, కానీ గుండీ పట్టుకుని లాగినా రాలేదు.

అంటించడానికి ఫెవికాల్ పలచగా రోలర్‌తో. పైన బరువు పెట్టి ఒక రాత్రంతా ఉంచాలి. ఆ నమూనా మీద వాన ముసురులో అంటించాను, తెల్లారేసరికి నడిమధ్య గాలిబుడగ. అసలు ప్రింటుని ఎండ కాసిన రోజు కోసం ఆపి మరీ అంటించాను. మాస్కింగ్ టేపు వేసి కోస్తే అంచులు లేవవని చదివి అదీ నమూనా మీదే చూశాను. టేపు తీస్తుంటే ఒక మూల సిరా కూడా లేచొచ్చింది. టేపు వద్దనుకున్నాను.

ఆగస్టు 31

బొబ్బిలి దగ్గర గొల్లపల్లి. వీణలు చేసే ఊరు. పనసచెక్క మొద్దు ఒక్కటే తీసుకుని, అతుకు లేకుండా కుండ, దండి అంతా అందులోంచే తొలుస్తారు. నాకు రంపం పట్టడం రావడం లేదు, చేతులకి తెలిసినవాళ్ళని అడుగుదామని వెళ్ళాను.

ఒక పెద్దాయన నా ఫ్రెట్ సా (సన్న బ్లేడు చేతిరంపం) చూసి, బ్లేడు తడిమి చూశారు. కంసాలి వాళ్ళు వాడే 2/0 నంబరు బ్లేడు, మందం పావు మిల్లీమీటరు. అప్పటికి పద్దెనిమిది విరగ్గొట్టాను. ఒక ముక్క కోసి చూపించమన్నారు. మలుపు దగ్గరికి రాగానే ఆపేశారు. "రంపాన్ని తిప్పీకండి బాబూ. అది నిలువుగా కిందకీ పైకీ ఆడాల, అంతే. చెక్కని తిప్పండి. దాని దారిన అది ఎల్తాది." మళ్ళీ కోయించారు. ఈసారి నా ఎడమచెయ్యి మీద వేలు ఆనించి, ఎంత నెమ్మదిగా తిప్పాలో ఆ వేలితోనే చెప్పారు.

వెళ్ళేముందు నల్లటి మైనం ఉండ కొంచెం తుంచి ఇచ్చారు. వీణ మీద మెట్లు నిలబెట్టే మైనం అది, తేనెమైనంలో బొగ్గుపొడి కలిపింది. ఇది బ్లేడుకి రాస్తే కాగితం నల్లబడుతుందని ఆయనే మళ్ళీ వెనక్కి తీసుకుని, బొగ్గు కలపని పచ్చ మైనం వెతికి ఇచ్చారు. డబ్బులిస్తే పుచ్చుకోలేదు. పజిల్ అయ్యాక ఒకసారి తెచ్చి చూపించమన్నారు. తప్పకుండా చూపిస్తాను.

సెప్టెంబరు 3

కోసే గీతల గురించి తేల్చుకోవాలి. అన్ని పజిళ్ళలాగా గళ్ళుగళ్ళుగా 2 సెంటీమీటర్ల చదరాలు కోస్తే సరిగ్గా 300 ముక్కలు. పెన్సిల్‌తో గళ్ళు గీసి, చూసి, చెరిపేశాను. ఆ గళ్ళు ఎవరి పొలాన్నీ చూడవు.

1760ల్లో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే పటాలు చెక్కే ఆయన ప్రపంచపటాన్ని చెక్క మీద అంటించి, దేశాల సరిహద్దుల వెంబడి కోసి, పిల్లలకి భూగోళం నేర్పడానికి అమ్మాడు. జిగ్‌సా పజిల్ పుట్టింది అలాగ. ముక్క అంటే దేశం, దేశం అంటే ముక్క. నాకు దేశాల్లేవు, మళ్ళున్నాయి. గట్ల వెంబడే కోస్తాను.

చిక్కేమిటంటే గట్టు వెంబడి తిన్నగా కోస్తే ముక్కలు ఒకదాన్నొకటి పట్టుకోవు, చెయ్యి తగిలితే జారిపోతాయి. స్పిల్స్‌బరీ కాలం పజిళ్ళూ అంతే. అందుకని ప్రతి గట్టు మీదా ఒక్కచోట, గండి కొట్టినట్టు, ఒక గుండీ పెడుతున్నాను. నీళ్ళు ఒక మడిలోంచి ఇంకో మడిలోకి దిగేచోటే, దిగే వైపే గుండీ. ఎగువ మడి దిగువ మడిలోకి గుండీ చాస్తుంది. దగ్గరి మళ్ళు పెద్దవి, వాటిని నాలుగైదు ముక్కలు చేశాను. దూరపువి చిటికెన వేలి గోరంత.

ఆకాశంలో గట్లుండవు కాబట్టి అక్కడ మామూలు గుండీలే. ఎడమవైపు పైమూల వంశధార వంపు. అంతా నలుపు, పదహారు ముక్కలు, ఏ ఆనవాలూ లేదు. అక్కడ రెండు బొమ్మ ముక్కలు వేశాను: శ్రీకూర్మం గుర్తుగా ఒక తాబేలు, గూడబాతులొచ్చే తేలినీలాపురం గుర్తుగా ఒక గూడబాతు. వాటిని ముందు పెట్టేస్తే చుట్టూ నది అల్లుకోవచ్చు.

మొత్తం 236.

సెప్టెంబరు 7 నుంచి 21

కోత. రోజుకి గంట, గంటన్నర. బల్లకి వి ఆకారం గాడి ఉన్న పలక బిగించి, ఆ గాడిలో బ్లేడు ఆడిస్తూ. పళ్ళు కిందికి ఉండాలి, అప్పుడే ఫొటో వైపు నున్నగా తెగుతుంది, పీచు అంతా వెనకవైపు లేస్తుంది. తర్వాత వెనక గరుకు కాగితంతో రుద్దితే చాలు. ప్రతి నాలుగైదు ముక్కలకీ బ్లేడుకి మైనం. గొల్లపల్లి నుంచి వచ్చాక విరిగినవి తొమ్మిదే.

ఆకుల తెలుపులో కొయ్యడం వింతగా ఉంటుంది. రంగు లేకపోయేసరికి ఆకారమే మిగులుతుంది. తాటిచెట్టు తల గుండ్రటి విసనకర్ర గుత్తి. ఈత దానికంటే చిన్నది, ఈకలు విడివిడిగా. కొబ్బరి ఒక వైపుకి వాలి ఉంటుంది. మామిడి ముద్ద. జీడిమామిడి కొమ్మలు నేలకి ఆనుకున్నట్టు పరుచుకుంటాయి. రోజూ చూసినవే, ఇంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు.

1910లో రాబర్ట్ వుడ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఇలాంటి ఫొటోలు తీసి ప్రచురించాడు. ఆకులు ఇలా తెల్లబడటాన్ని ఆయన పేరు మీదే ఇప్పటికీ వుడ్ ఎఫెక్ట్ అంటారు. కలపకి దాంతో ఏ సంబంధమూ లేదు. కానీ ఆ తెలుపు మీద రంపం ఆడిస్తున్నప్పుడు ఆ పేరు గుర్తొచ్చి బాగుండేది.

14న తప్పు జరిగింది. ఫోన్ మోగితే తలతిప్పాను, రంపం చెరువుగట్టు దాటి మూడు మిల్లీమీటర్లు చెరువులోకి వెళ్ళింది. నీళ్ళు నలుపే కాబట్టి నల్ల పెన్సిల్‌తో సర్దాను. కాంతికి ఎదురుగా పెడితే కనపడుతుంది. అలాగే ఉంది.

సెప్టెంబరు 28

నాన్న మొదలుపెట్టాడు. పెద్ద పళ్ళెంలో ముక్కలన్నీ బోర్లించి, వెల్లకిలా తిప్పి, అంచులు వెతుకుతాడనుకున్నాను. వెతకలేదు. ముక్కల్ని తెలుపు, బూడిద, నలుపు మూడు కుప్పలు చేశాడు. "ముందు చెరువేదిరా?" అని అడిగాడు. చెరువు పెట్టాడు, మదుము పెట్టాడు. అక్కడి నుంచి నీళ్ళు పారినట్టే తెల్లవి, తర్వాత బూడిదవి, తర్వాత నల్లవి కిందికి పేర్చుకుంటూ వచ్చాడు. గుండీలు నీళ్ళు దిగే వైపే ఉన్నాయని నేను చెప్పలేదు. పదో ముక్కకే కనిపెట్టేశాడు, నా వంక చూశాడు, ఏమీ అనలేదు.

మధ్యలో చిన్నాన్నకి ఫోన్ చేసి, ఫలానా మడిలో ఆలస్యంగా ఎందుకు ఊడ్చారని అడిగాడు. కూలివాళ్ళు దొరకలేదట ఆ వారం. మబ్బు మడిని చేతిలో పట్టుకుని మనవరాలికి కథంతా చెప్పాడు. తాబేలుని ఆ పిల్ల వదల్లేదు, రాత్రి దాకా తన దగ్గరే పెట్టుకుంది.

సెప్టెంబరు 30

ఆకాశం పిల్లలు పూర్తిచేశారు. నది అయింది. అంతా అయిపోయిందని పెద్ద గాజుపలక కోసం చూస్తున్నాను. నాన్న ఇంకా కూర్చునే ఉన్నాడు. దిగువన ఒక బూడిదరంగు ముక్క మీద వేలు పెట్టి, "ఇక్కడ గట్టు కొయ్యలేదేటి?" అన్నాడు.

గట్టేమీ లేదన్నాను. ఒకటే మడిలా, ఒకటే రంగు. భూతద్దం తెమ్మన్నాడు. ముక్క అంచున ఒక తాటిచెట్టు, దాని కింద వెంట్రుకంత తెల్లటి గీత, గడ్డి గీత, ఇటు నుంచి అటు వెళ్తోంది. "అటేపు నాది, ఇటేపు చిన్నాన్నది. ఇద్దరివీ ఆడే చేస్తున్నాడు కదా, ఒకేరోజు ఊడ్చీసుంటాడు. అందికే నీకు తేడా కనపడలేదు."

ముక్కని పైకి తీశాను. పలక బల్లకి మళ్ళీ బిగించి, కొత్త బ్లేడు వేసి, మైనం రాశాను. నాన్న కుర్చీ పక్కకి జరుపుకుని కూర్చున్నాడు. తాటిచెట్టు మొదలు దగ్గర మొదలుపెట్టి చెక్కని నెమ్మదిగా తిప్పుకుంటూ వచ్చాను. గుండీ ఎటువైపు పెట్టాలని అడిగాను. నీళ్ళు తన మడిలోంచే చిన్నాన్న మడిలోకి దిగుతాయన్నాడు.

ఇప్పుడు 237. పెట్టె మూత మీద అంకె మార్చాలి.